12 అడుగుల వర్మీబెడ్: కొనేముందు తూకం వేయండి

వానపాముల ఎరువు సొంతంగా తయారు చేసుకోవాలనుకునేవాళ్లకు ఎక్కువగా కనబడేది 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తున్న హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పట్టాతో కుట్టిన బెడ్. తొట్టి కట్టే పని తప్పుతుంది, కావాలంటే విప్పి మరోచోటికి మార్చుకోవచ్చు. ఈ రెండింటికీ ఇది నిజంగా పనికొస్తుంది. ఎరువు నాణ్యత మాత్రం బెడ్‌లో ఉండదు, అందులో వేసే పేడలో ఉంటుంది.

ముందు మందం సంగతి. 250 నుంచి 450 జీఎస్‌ఎం (చదరపు మీటరు పట్టా ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె) దాకా రకాలున్నాయి. లేబుల్ మీది అంకెను తూకంతో సరిచూడవచ్చు. అడుగుభాగం, నాలుగు గోడలు కలిపి 112 చదరపు అడుగులు, అంటే 10.4 చదరపు మీటర్లు. 450 జీఎస్‌ఎం అయితే పైమూత లేకుండానే 4.7 కిలోలు తూగాలి. కుట్లు, గోడలను నిలబెట్టే కర్రలు దూర్చే తొడుగులు కలిస్తే ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. 3 కిలోలకు మించకపోతే అది 250 రకమే. ఒకటిన్నర అడుగు నింపితే లోపల 2 ఘనమీటర్ల తడి సరుకు, టన్నుకు పైమాటే. ఆ బరువుకు పల్చటి గోడ మధ్యలో ఉబ్బి మూలల కుట్టు దగ్గర తెగుతుంది. ఎండ తగిలితే ఏ మందమైనా పెళుసెక్కుతుంది కాబట్టి పైన నీడ తప్పనిసరి. కర్రలకు చెదలు పడతాయి, ఇనుప గొట్టాలైతే మేలు.

నీరు బయటికి పోయే గొట్టం ఈ బెడ్‌లో బలహీనమైన చోటు. లోపలివైపు రెండు గుప్పిళ్ల కంకర పోసి, దానిమీద వల ముక్క పరవకపోతే బురదతో పూడుకుపోతుంది. అడుగున నీరు నిలిస్తే గాలి ఆడదు, కుళ్లు వాసన మొదలవుతుంది, వానపాములు గోడలెక్కుతాయి. గొట్టం ఉన్నవైపు నేల రెండు మూడు అంగుళాలు వాలుగా ఉండాలి. కిందకి కారే ఆ ఊటను వర్మీవాష్ పేరుతో నేరుగా ఆకుకూరల మీద చల్లమని చెబుతుంటారు. అది సరికాదు. సగం మాగిన పేడ నుంచి వచ్చిన నీటిలో రోగకారక క్రిములు ఉండవచ్చు. దాన్ని పల్చగా కలిపి మొక్కల మొదళ్లలోనే పోయాలి.

ఇక వానపాములు చనిపోయే అసలు కారణం పచ్చిపేడ. అది కుళ్లేటప్పుడు వేడి, అమోనియా రెండూ పుడతాయి. పేడ, ఎండాకులు కలిపి తడుపుతూ 15–20 రోజులు బయటే మాగనిచ్చి, చేయి లోపలికి పెడితే చల్లగా తగిలాకే బెడ్‌లోకి మార్చాలి. ముందు పది వానపాములను వదిలి, మర్నాడు అవి లోపలే ఉంటే మిగతావి వేయవచ్చు. చదరపు మీటరుకు కిలో చొప్పున ఈ బెడ్‌కు 4–5 కిలోలు సరిపోతాయి. పైపొరల్లో బతికే ఎర్ర వానపాము, ఐసీనియా ఫెటిడా రకం కావాలి. మట్టిలో లోతుగా బతికే మామూలు వానపాములు ఇక్కడ నిలవవు. వేడి 35 డిగ్రీలు దాటకూడదు. తడి సరిపోయిందో లేదో తెలియాలంటే గుప్పెడు తీసి గట్టిగా పిండాలి. ఒకటి రెండు చుక్కలు రాలితే చాలు, ధారగా కారితే ఎక్కువైనట్టే. పైన తడి గోనెసంచి కప్పాలి.

చీమలు రాకుండా చుట్టూ చిన్న కాలువ తీసి నీరు నింపడం మందులకన్నా నయం. ఎలుకలకు ఈ బెడ్ నిలవదు. వాటి బెడద ఉన్నచోట కింద సన్నకంతల ఇనుప వల పరవాలి.

రెండు నెలలకు పైపొర నల్లగా, టీపొడిలా పొడిపొడిగా మారుతుంది. నాలుగైదు రోజులు నీళ్లు ఆపితే వానపాములు కిందికి దిగుతాయి, అప్పుడు పైనుంచి తీసి 3–4 మిల్లీమీటర్ల జల్లెడ పట్టాలి. ఎండలో ఆరబెడితే మేలు చేసే సూక్ష్మజీవులు చస్తాయి, నీడలోనే నిల్వ చేయాలి.

పశువులు లేకుండా వంటింటి చెత్తనే నమ్ముకున్నవాళ్లకు ఈ బెడ్ చాలా పెద్దది. వాళ్లకు మూతున్న చిన్న డబ్బా చాలు. రెండు మూడు పశువులున్నవాళ్లు మాత్రం 450 జీఎస్‌ఎం రకం నిస్సంకోచంగా తీసుకోవచ్చు, తూగితేనే.