ఏ ఊరికి మొక్క అని ముందుగా అడిగే నర్సరీ

మాకు పెంచుకోవలసిన పెరళ్ళు రెండు. అత్తగారి ఇల్లు రాయగడలో ఉంది, ఉద్యోగరీత్యా మేముండేది సునాబెడాలో. రెండూ దక్షిణ ఒడిశాలోనివే అయినా, ఘాట్ రోడ్డు ఎక్కి దిగేలోపు వాతావరణం పూర్తిగా మారిపోతుంది. రాయగడలో మే నెల మధ్యాహ్నం మేడ మీద చెప్పులు లేకుండా అడుగు పెట్టలేము. సముద్రమట్టానికి 900 మీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉన్న మా సునాబెడా, సెమిలిగుడ ప్రాంతంలో మాత్రం డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో కొన్నిసార్లు గడ్డి మీద మంచు తెల్లగా గడ్డకట్టి కనిపిస్తుంది. ఒకే మొక్కను రెండు చోట్లా నాటి, రెండు చోట్లా పోగొట్టుకున్న అనుభవం నాకుంది. అందుకే రాయగడ ఊరి శివారులో మూడేళ్ళుగా నేను మొక్కలు కొంటున్న నర్సరీ గురించి కొంచెం వివరంగా రాయాలనిపించింది.

అక్కడ మొదటిరోజు నాకు ఎదురైన ప్రశ్న ధర గురించి కాదు. యజమాని పెద్దాయన నా చేతిలోని గులాబీ కుండీని చూసి, "కింద ఊళ్ళో పాతుతారా అమ్మా, కొండ మీదకి తీసుకెళ్తారా?" అని అడిగారు. కొండ మీదకే అని చెప్పగానే, అది డిసెంబరు కావడంతో, ఆ కుండీని వెనక్కి పెట్టించి వచ్చే ఏడు దసరా ముందు రమ్మన్నారు. అప్పుడు కొంచెం చిన్నబుచ్చుకున్నాను గానీ, ఆ మాటలో ఎంత శాస్త్రం ఉందో తర్వాత అర్థమైంది. చలిని తట్టుకోగల మొక్కకు కూడా ఆ శక్తి ఒక్క రాత్రిలో రాదు. పగలు కురచవుతూ, రాత్రులు మెల్లగా చల్లబడుతూ ఉన్న వారాల్లోనే అది తన కణాల్లో చక్కెరలను కూడబెట్టుకుంటుంది, కణపు పొరల్లోని కొవ్వులను మార్చుకుంటుంది. చలిదేశాల్లో పండే రై అనే ధాన్యపు మొక్క అలవాటు పడకముందు మైనస్ 5 డిగ్రీలకే చనిపోతుంది, చల్లటి వారాలు కొన్ని గడిచాక అదే మొక్క మైనస్ 30 దాకా తట్టుకుంటుంది. వెచ్చటి రాయగడ నుండి నేరుగా డిసెంబరు చలిలోకి దిగిన గులాబీకి ఆ వ్యవధి ఎక్కడిది?

పొరల్లోని కొవ్వుల సంగతి మా ఇంట్లో అందరికీ వంటింట్లోనే తెలిసివచ్చింది. చలికాలంలో సునాబెడాలో కొబ్బరినూనె సీసా పొద్దున్నే రాయిలా గడ్డకట్టి ఉంటుంది, పక్కనే ఉన్న ఆవనూనె మాత్రం ఎప్పటిలాగే జారుతూ ఉంటుంది. అరటిలాంటి వేడిప్రాంతపు మొక్కల కణపు పొరలు కూడా చలికి అలాగే బిగుసుకుపోయి పని మానేస్తాయి, నీరు గడ్డకట్టేంత చలి అక్కరలేకుండానే. చలికి అలవాటు పడ్డ మొక్కలు తమ పొరల్లో ఆవనూనె తరహా కొవ్వుల వాటా పెంచుకుంటాయి. మా పెరట్లోని అరటి పిలక ఒక జనవరి రాత్రి తర్వాత ఉడికించినట్టు మెత్తబడి, పగటి ఎండ తగిలేసరికి నల్లబడిపోయింది. అది ఈ నర్సరీలో కొన్నది కాదు. పెద్దాయన నాకు కొండ మీదకని ఎప్పుడూ అరటి అమ్మలేదు.

రాయగడ ఇంటికి మాత్రం ఆయన చూపించినవి చక్కగా నిలిచాయి. గన్నేరు ఆకును వెనక్కి తిప్పి చూడమన్నారు. దాని శ్వాసరంధ్రాలు ఆకు అడుగున చిన్న చిన్న గుంటల్లో, సన్నటి నూగు మధ్య దాగి ఉంటాయి కాబట్టి వడగాలి వాటి మీదుగా నేరుగా వీచదు, తేమ త్వరగా పోదు. నర్సరీ కంచె వెంబడి తనంతట తానే మొలిచిన జిల్లేడు ఆకును బొటనవేలితో రుద్దితే తెల్లటి పొడి అంటుకుంటుంది. ఎండను తిప్పికొట్టడానికి, నీటిని కాపాడుకోవడానికి ఆ మొక్క కప్పుకున్న దుప్పటి అది.

అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది ముప్ఫై రూపాయలకు కొన్న రణపాల. పొద్దున ఆరు గంటలకు దాని ఆకు చిన్న ముక్క కొరికి ఉమ్మేస్తే చింతచిగురులా పుల్లగా ఉంటుంది, మధ్యాహ్నానికి ఆ పులుపు దాదాపు ఉండదు. పగటి ఎండలో రంధ్రాలు తెరిస్తే నీరంతా ఆవిరైపోతుందని ఈ మొక్క రాత్రిపూట వాటిని తెరిచి, బొగ్గుపులుసు వాయువును లోపలికి తీసుకుని, ఆమ్లంగా మార్చి దాచుకుంటుంది. పగలు తలుపులు మూసుకుని ఆ ఆమ్లాన్నే ఖర్చుపెట్టి ఆహారం తయారుచేసుకుంటుంది. ఈ రుచి తేడాను మన దేశంలో గమనించి రాసినవాడు ఒకప్పుడు సామర్లకోటలోని ఈస్టిండియా కంపెనీ తోటను చూసుకున్న వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ హేన్. ఆ రాత 1815లో అచ్చయింది. బ్రహ్మజెముడు, కలబంద, ఈమధ్య అందరూ వేస్తున్న డ్రాగన్ ఫ్రూట్ కూడా ఇదే పద్ధతిలో బతుకుతాయి.

యాపిల్ మొక్క అడిగిన ఒకాయనను పెద్దాయన వద్దని పంపించేయడం నా కళ్ళారా చూశాను. పాత రకాల యాపిల్ మొగ్గ విచ్చుకోవాలంటే చలికాలంలో సుమారు 7 డిగ్రీలలోపు చలి వెయ్యి గంటలకు పైగా తగలాలి, తక్కువ చలితో సరిపెట్టుకునే 'అన్నా' అనే యాపిల్ వంటి రకాలకు కూడా కొన్ని వందల గంటలు కావాలి. రాయగడలో అది కుదరదు. అమ్ముకోగలిగిన మొక్కను అమ్మకపోవడం ఈ వ్యాపారంలో చిన్న విషయం కాదు.

లోపం కూడా చెప్పాలి. కిందటి ఏప్రిల్‌లో తెచ్చిన ఆరు క్రోటన్లలో నాలుగింటి ఆకులు వారం లోపలే గోధుమరంగు మచ్చలు పడి రాలిపోయాయి. అవి నెలల తరబడి ఆకుపచ్చ నీడవల కింద పెరిగినవి. నీడలో పుట్టిన ఆకు పలుచగా, వెడల్పుగా ఉంటుంది, ఒకసారి విచ్చుకున్నాక ఎండకు తగ్గట్టు మందంగా మారడం దానికి చేతకాదు; కొత్తగా ఎండలో పుట్టే ఆకులే ఆ ఎండను భరిస్తాయి. అమ్మే ముందు పది రోజులు సగం ఎండలో ఉంచి ఉంటే, కనీసం ఆ మాట చెప్పి ఉంటే, నాలుగు మొక్కలూ దక్కేవి. చలి విషయంలో అంత జాగ్రత్త చూపించే చోట ఎండ విషయంలో ఈ అశ్రద్ధ నాకు నిజంగా బాధ కలిగించింది. అడిగితే పనివాళ్ళు మొక్కలు మార్చి ఇచ్చారు గానీ, మార్చి ఇచ్చినవి కూడా ఆ వల కిందవే.

ధరలు సాధారణం, గన్నేరు అరవై, గులాబీ అంటు నూట ఇరవై తీసుకున్నారు. తెలుగు, ఒడియా రెండూ మాట్లాడతారు. కొండ మీదకి తీసుకెళ్ళేవారు వానలు తగ్గుముఖం పట్టే సెప్టెంబరులో వెళ్ళడం మంచిది, తర్వాత యూరియా వేసి లేత చిగుళ్ళు తెప్పించకూడదు, ఎందుకంటే తొలి చలికి మాడేది ఆ చిగుళ్ళే. రాయగడ, గుణుపురం వైపువారు తొలకరి పడ్డాక వెళ్ళి, వల కింద వరుసలు వదిలేసి, గేటు పక్కన ఆరుబయట ఉన్న వరుసలోంచి ఎంచుకోండి.