అమ్మకు నడక బూట్లు: హన్మకొండ షోరూమా, వరంగల్ బజారా, ఫోన్‌లో ఆర్డరా?

అమ్మకు షుగర్ వచ్చి ఏడేళ్లు. పోయిన చలికాలం నుంచి పాదాల్లో తిమ్మిరి మొదలైంది. రోజూ అరగంట నడవాలనీ, అదీ చెప్పులతో కాకుండా వేళ్లు, మడమ మూసి ఉండే బూట్లతో నడవాలనీ డాక్టర్ గారు గట్టిగా చెప్పారు. అమ్మకు అరవై రెండేళ్లు. ఇన్నేళ్లలో ఒక్కనాడూ బూటు తొడగలేదు. పొద్దున్నే వరంగల్ భద్రకాళి చెరువు బండ్ మీద చూస్తే చీర కింద స్పోర్ట్స్ షూస్ వేసుకుని నడిచే పెద్దవాళ్లు ఇప్పుడు చాలామందే కనబడతారు కాబట్టి నామోషీ అనుకోలేదు. ఎక్కడ కొనాలన్న దగ్గరే ఆగిపోయాం. చివరికి మూడు చోట్లా చూశాం.

మొదట ఫోన్‌లోనే ఆర్డర్ పెట్టాను. ధర 1,650, చూడటానికి బాగున్నాయి, రివ్యూలు కూడా మంచివే. అమ్మ చెప్పుల నంబరు 6 కాబట్టి అదే నంబరు పెట్టాను. నాలుగో రోజు వచ్చాయి. ఇంట్లో బండల మీద చాప పరిచి, దాని మీద అటూ ఇటూ నడిపించాను. "మంచిగనే ఉన్నయి బిడ్డా, మెత్తగున్నయి" అంది. ఒక అరగంట ఉంచుకుని విప్పింది. సాక్సు తీసి చూస్తే కుడికాలి రెండో వేలు మీద, సరిగ్గా మట్టె ఉన్న చోట, ఎర్రగా కందిపోయి ఉంది. చిటికెన వేలు పక్కన ఇంకో గీత. "నొప్పి పుట్టలేదా అమ్మా?" అంటే, "నాకేం తెల్వలేదు" అంది.

ఆ మాటతో నాకు భయమేసింది. తిమ్మిరి ఉన్న పాదం బూటు ఒత్తుతున్న సంగతి చెప్పదు. మనం విప్పి చూస్తే తప్ప తెలియదు. అదే కందిన చోటు నాలుగు రోజుల్లో పుండు కావచ్చు, షుగర్ ఉన్నవాళ్లకు ఆ పుండు తొందరగా మానదు. బూట్లు వాపసు పంపాను. తీసుకెళ్లడానికి వచ్చిన అబ్బాయి సోల్ తిప్పి మరీ చూశాడు, చాప మీద నడిపించడం మంచిదైంది. డబ్బు మాత్రం రెండుసార్లు ఫోన్ చేసి అడిగితే గానీ పడలేదు.

ఆన్‌లైన్‌లో చూసి కొనడం తప్పని నేను అనను. దసరా, దీపావళి సేల్స్‌లో దుకాణంలో దొరకని ధరకు వస్తాయి. కాకపోతే మొదటి జతకు అది పనికిరాదు. నంబరు పొడవునే చెబుతుంది, వెడల్పు చెప్పదు. మన దగ్గర నడిచే యూకే నంబర్లలో ఒక నంబరుకూ తర్వాతి నంబరుకూ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. ఆ కాస్త తేడాలోనే వేలు బతకడమో నలగడమో ఉంటుంది. జన్మంతా చెప్పులతో, వట్టి కాళ్లతో తిరిగిన పాదం ముందు భాగంలో పరుచుకుని ఉంటుంది. ఆడవాళ్ల బూట్లేమో ముందు వైపు సన్నగా చేస్తారు.

తర్వాత వరంగల్ పాత బజారుకు పోయాం. 550 అని మొదలుపెట్టి 400కు దిగాడు. పెట్టె లేదు, బిల్లు లేదు. పేరున్న కంపెనీ గుర్తే ఉంది గానీ అక్షరం ఒకటి తేడా. దుకాణదారు మనిషి మంచివాడు, అమ్మకు స్టూల్ వేసి కూర్చోబెట్టాడు, ఓపికగా ఐదు జతలు తీశాడు. బూటును చేతిలోకి తీసుకుని ముందు భాగం వంచి చూశాను. మంచి నడక బూటు వేళ్ల మొదలు దగ్గర వంగాలి, నడుమ వంగకూడదు. ఇది సరిగ్గా నడుమకే మడత పడింది. మడమ వెనక భాగాన్ని బొటనవేలితో నొక్కితే అట్టలా లోపలికి పోయింది. సోల్ బరువుగా, నున్నగా ఉంది. వానాకాలంలో తడిసిన టైల్స్ మీద ఆ సోల్‌తో అమ్మను నడిపించే ధైర్యం నాకు లేదు. కాలేజీ పిల్లాడు నాలుగు నెలలు తొడిగి పారేయడానికైతే బజారు చాలు. తిమ్మిరి కాళ్లకు వద్దు.

మూడోది హన్మకొండలో షోరూమ్. ఈసారి కావాలనే సాయంత్రం ఆరింటికి తీసుకెళ్లాను. పొద్దంతా తిరిగి, నిలబడి ఉంటే సాయంత్రానికి పాదం కొంచెం ఉబ్బుతుంది, పొద్దున సరిపోయిన బూటు అప్పుడు బిగుతవుతుంది. రోజూ వేసుకునే సాక్సులు, పట్టగొలుసులు, మట్టెలు అన్నీ ఉంచుకునే వచ్చింది అమ్మ. ఇంట్లో ఒక పని చేసి పెట్టుకున్నాను. గోడకు మడమ ఆనించి, పాత పేపర్ మీద రెండు పాదాలూ నిలబెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీశాను. ఎడమ కంటే కుడి పాదం కొంచెం పెద్దది. ఇలాంటప్పుడు పెద్ద పాదానికే కొనాలి.

అక్కడి అబ్బాయి పేపర్ చూసి, "అమ్మా, లేచి నిలబడుండ్రి, కూసుంటే సైజు తెల్వది" అని పాదం కొలిచే పలక తెచ్చాడు. ఆడవాళ్ల జతలు మూడు వేయించాడు. మూడూ మట్టె కాడ ఒత్తినయ్. అప్పుడు మగవాళ్ల వైపు నుంచి 7 నంబరు తెచ్చాడు. యూకే నంబర్లలో సాధారణంగా ఆడ, మగ తేడా ఉండదు, కానీ మగవాళ్ల జత ముందు భాగం వెడల్పు. బొటనవేలు ముందు ఒక వేలు మందం ఖాళీ ఉంది. మడమ జారలేదు. లేసులు కాదు, అతికించే పట్టీలు. వంగి లేసులు కట్టుకోవడం అమ్మకు కష్టం, పట్టీ అయితే పాదం ఉబ్బినప్పుడు వదులు చేసుకోవచ్చు. లోపల చెయ్యి పెట్టి తడిమి చూశాను, వేళ్లకు తగిలే కుట్టు ఎక్కడా లేదు. షాపులోనే పదిహేను నిమిషాలు నడిపించి, సాక్సు విప్పించి చూశాను. ఎక్కడా ఎరుపు లేదు. 2,299 అయింది.

ధర సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి జత 2,500 రూపాయల లోపు ఉంటే జీఎస్టీ 5 శాతమే, అది దాటితే 18 శాతం. అంతకుముందు వెయ్యి దాటిన ప్రతి జతకూ 18 శాతం ఉండేది. పాత స్టిక్కర్ మీద ధర చూసి చెల్లించకండి, బిల్లులో పన్ను ఎంత వేశారో చూడండి. ఆ బిల్లు దాచుకోండి కూడా. "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చేసి ఉన్నా, లోపం ఉన్న సరుకును వెనక్కి తీసుకోనని అనడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పు. బిల్లులో గడువు రాస్తే ఆ లోపు, రాయకపోతే 30 రోజుల్లోపు అడగవచ్చు. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అయితే ఇది సోల్ ఊడటం, కుట్టు విడిపోవడం లాంటి లోపాలకే. సైజు కుదరలేదంటే మారుస్తారా లేదా అన్నది దుకాణం ఇష్టం, అందుకే డబ్బులిచ్చే ముందే అడిగాను. వారం లోపు, బయట తొడగకుండా తెస్తే మారుస్తామన్నారు.

హైదరాబాద్ పోయి కొనమని మా చిన్నాన్న సలహా. కొత్త మోడళ్లు అక్కడ ఎక్కువ దొరుకుతాయి, నిజమే. కానీ ఒత్తితే మార్చుకోవడానికి మళ్లీ 140 కిలోమీటర్లు పోలేం.

అందుకే, షుగర్ ఉన్నవాళ్లకు, పెద్దవాళ్లకు, మొదటిసారి బూట్లు తొడిగేవాళ్లకు నా ఓటు షోరూమ్‌కే. బజారు ధరకు దాదాపు ఆరింతలు పడింది, అయినా నాకు ఎక్కువనిపించలేదు. మనం కట్టింది ఆ పలకకు, ఆ అబ్బాయి ఓపికకు, మార్చుకునే వారం రోజులకు. మీ పాదం మామూలుదై, ఏ కంపెనీలో ఏ నంబరు సరిపోతుందో ఇప్పటికే తెలిసి ఉంటే షోరూమ్‌కు పోవాల్సిన పనే లేదు, ఫోన్‌లో కొనుక్కోండి.

రెండో జత మేమూ అలాగే కొంటాం. బూటు 500 నుంచి 800 కిలోమీటర్లు నడిచాక లోపలి మెత్తదనం చచ్చిపోతుందని అంటారు. అమ్మ రోజుకు మూడు కిలోమీటర్లు నడుస్తోంది, అంటే ఆరు నుంచి తొమ్మిది నెలలు. పైపట్టీ లోపలి చీటీ మీది మోడల్ నంబరును ఫోన్‌లో ఫోటో తీసి పెట్టాను, కొన్న తేదీ పెట్టె మీద రాశాను. దసరా సేల్‌లో అదే మోడల్, అదే 7 నంబరు వెతుకుతాను. వచ్చాక మళ్లీ సాయంత్రమే, చాప మీదే తొడిగించి, విప్పి వేళ్లు చూస్తాను.