ఓటీజీ బాగుంది గానీ, ఆ టైమరుకో దండం

వాట్లు, ట్రేలు, గ్యారంటీ అన్నీ డబ్బా మీదే ఉంటాయి, నేను టైమరు గురించే రాస్తా. 28 లీటర్ల ఓటీజీ ఇది, అంటే ఓవెన్, టోస్టర్, గ్రిల్ మూడూ ఒకటే పెట్టెలో, తిరుపతిలోనే కొన్నా, కొన్నేళ్ళుగా వాడతా ఉన్నా. ఎక్కువగా చేసేది ఒకటే, మా పెద్దమ్మ మార్బుల్ కేకు, మూడు లేయర్లు, మధ్యలో చాక్లెట్ గనాష్, అంటే క్రీములో కరిగించిన చాక్లెట్. చిత్తూరులో ఉన్నప్పుడు ఆమె మూత మీద గాజు బిళ్ళ ఉండే పాత గుండ్రటి అల్యూమినియం ఓవెన్‌లో చేసేది, మా పిల్లకాయల పుట్టినరోజులన్నీ ఆ కేకుతోనే అయినాయి. ఇప్పుడు ఆమెకి చెయ్యి వణుకుతాది, అందుకే ఆమె పుట్టినరోజుకి నేను చేస్తా, ఆమె హాల్లో కుర్చీలో కూచోని వంకలు పెడతా ఉంటాది.

ఈ టైమరు కరెంటుతో నడిచేది కాదు. లోపల స్ప్రింగు, తిప్పి వదిలితే టిక్కు టిక్కుమంటా సున్నాకొచ్చి టింగ్ మంటాది, కరెంటు ఉందా పోయిందా దానికి అనవసరం. పోయిన ఎండాకాలం రెండు లేయర్లు దించేసి మూడోది లోపల పెట్టినాక కరెంటు పోయింది, నాకు తెలిస్తే కదా, ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు లైట్లు తిరగతానే ఉన్నాయి, పదిహేను వందల వాట్లు లాగే ఓవెన్‌ని మాత్రం ఇంటి ఇన్వర్టర్ మొయ్యదు కాబట్టి అది ఒక్కటే ఆగింది, టైమరేమో ఏమీ జరగనట్టు టిక్కుమంటానే ఉంది. టింగ్ మంది. నేను గుడ్డ తీసుకోని తలుపు మీద చెయ్యేస్తే హాల్లోంచి పెద్దమ్మ, "వాసన యాడొచ్చింది మే, తియ్యద్దు" అనింది. చూస్తే లోపల వేడెక్కే రాడ్డు నల్లగా ఉంది, ఎర్రదనమే లేదు.

తలుపు తియ్యకుండా అట్లే వదిలేసినాం. కరెంటొచ్చినాక ఇంకాసేపు కాలనిచ్చి, పుల్ల గుచ్చి చూసి తీసినా. కూలబడలేదు! అప్పటికే పొంగి గట్టిపడి ఉన్నింది కాబట్టి సరిపోయింది, మొదటి పది నిమిషాల్లో పోయుంటే మధ్యలో గుంట పడేది. కొంచెం బరువుగా వచ్చింది, దాన్ని అడుగున పెట్టి పైన గనాష్ పూసేసినా. మే నెల ఎండకి క్రీమూ చాక్లెట్టూ సమానంగా వేస్తే నిలవదు, క్రీముకి రెండింతలు చాక్లెట్ ఉండాల. కోస్తే లోపల తెలుపూ గోధుమ రంగూ మెలికల ముగ్గు మాదిరి చుట్టుకోని, మూడు లేయర్లలో అదే చక్కగా ఉన్నింది. కోకో పిండి తడి లాగేస్తాది, కోకో కలిపిన సగం పిండికి రెండు స్పూన్లు పాలు ఎక్కువ పోసి, రెండు పిండ్లూ టిన్నులో వేసినాక కత్తి రెండు సుట్లే తిప్పాల, ఇంకో రెండు తిప్పితే అంతా ఒకటే రంగు.

టెంపరేచర్ కరెక్టుగా ఉంటాదని కొన్న కొత్తలో మా వీధిలో అందరికీ చెప్పినా. అది తప్పు, 180 పెడితే లోపల 200 దాకా పోతాది, ఓవెన్ థర్మామీటర్ పెట్టి చూసినాకే తెలిసింది, ఇప్పుడు 160లో పెడతా. ఇంకోటి, ఒకసారికి ఒక టిన్నే పడతాది, రెండు అరల్లో రెండు పెడితే పైది మాడతాది కిందిది అడుగంటుతాది. మూడు లేయర్లకీ పిండి ఒకేసారి కలిపి పెట్టుకుంటే, తడి తగిలినప్పుడే బేకింగ్ పౌడర్ పని మొదలుపెడతాది కదా, మూడోది సరిగ్గా పొంగదు, వేటికవి కలుపుకోవాల్సిందే.

కొనమంటారా అంటే, నాకు ఏడాదికి ఏదో కొన్నిసార్లే పని, ఇంట్లో వాసన పట్టే మనిషి ఉంది, నాకు సరిపోతాది. కేకులు అమ్మేవాళ్ళయితే ఇంకా పెద్దది చూసుకోండి. డిజిటల్ వాటిల్లో కరెంటు పోతే పెట్టిన టైము చెరిగిపోయేవి కొన్ని ఉన్నాయి, అదీ తలనొప్పే, కాకపోతే కాలకుండా టింగ్ అని అబద్ధం చెప్పవు. నేను ఆఫర్లో కొన్నా కాబట్టి ఇంతటితో వదిలేస్తా ఉన్నా, ఫుల్ రేటు పెట్టుంటే ఇంకో రెండు పేరాలు తిట్టుండేదాన్ని.