గుండె నీడలో మచ్చను పట్టింది, చనుమొననూ గడ్డ అంది

ఛాతీ ఎక్స్-రేలో ఊపిరితిత్తుల్లోని చిన్న మచ్చలను (నాడ్యూళ్లను) గుర్తించే ఏఐ సాఫ్ట్‌వేర్ ఒకటి మా స్కానింగ్ సెంటర్‌లో పెట్టి ఎనిమిది నెలలయింది. ఎలా ఉందని తోటి రేడియాలజిస్టులు అడుగుతున్నారు. చీవాట్లు కూడా ఉన్నాయి కనుక కంపెనీ పేరు చెప్పను.

సాయంత్రం ఐదు దాటాక, అరవయ్యో ఫిల్ము దగ్గర నా కన్ను ఎంత పనిచేస్తుందో నాకు తెలుసు. అందుకే తీసుకున్నాను. 3 సెంటీమీటర్ల లోపు గుండ్రటి మచ్చను నాడ్యూల్ అంటాం, కొన్నిసార్లు అది క్యాన్సర్ కావచ్చు. ఒక సెంటీమీటరు కూడా లేనిది పక్కటెముక మీదో, కాలర్ ఎముక కిందో, గుండె వెనకో పడితే ఎక్స్-రేలో దొరకడం కష్టం.

మార్చిలో పొగాకు ఆకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర పనిచేసిన ఒక పెద్దాయన దగ్గుతో వచ్చారు. కుడివైపు న్యుమోనియా కనిపించింది, రిపోర్టు రాసేశాను. ఒకటి దొరికాక రెండోదాన్ని వెతకకపోవడం మా వృత్తికి పాత జబ్బు. సాఫ్ట్‌వేర్ మాత్రం ఎడమవైపు, గుండె నీడలో చిన్న పసుపు పెట్టె గీసింది. కాంట్రాస్టు మార్చి, పెద్దది చేసి చూస్తే ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. సీటీ స్కాన్ తీయించాం. 11 మిల్లీమీటర్ల నాడ్యూల్! ఆ రోజు రిపోర్టు మళ్లీ రాస్తుంటే చెయ్యి కొంచెం వణికింది.

ఇక చీవాట్లు. "మేడం, మళ్లీ చనుమొనకు పెట్టె గీసింది" అని మా టెక్నీషియన్ వారానికి రెండుసార్లైనా వస్తాడు. చనుమొన నీడ కూడా ఎక్స్-రేలో గుండ్రటి మచ్చలాగే పడుతుంది. అక్కడ చిన్న లోహపు పూస టేపుతో అంటించి ఇంకో ఫిల్ము తీస్తే సంగతి తేలిపోతుంది, కానీ ఆ తిప్పలు మావే కదా. టీబీ మానిపోయి సున్నం పట్టిన మచ్చలు మన దగ్గర మామూలే. వాటికీ, కొత్త మచ్చకీ ఒకే రంగు పెట్టె. ఐసీయూలో మంచం మీదే తీసిన ఫిల్ముల సంగతి అడగకండి.

అన్నిటికంటే పెద్ద లోటు, పాత ఫిల్ముతో పోల్చి చూడలేకపోవడం. రెండేళ్లుగా పెరగని గట్టి నాడ్యూల్‌కు సాధారణంగా భయపడక్కర్లేదు. ఆ ఒక్క సంగతి తెలియడానికి రోగి బీరువాలోంచి తెచ్చిన మాసిన కవరే నాకు ఇప్పటికీ దిక్కు.

అమ్మడానికి వచ్చిన కుర్రాడు "ఇది ఉంటే సీటీతో పనుండదు మేడం" అన్నాడు. అమెరికాలో బాగా పొగతాగే లేదా ఒకప్పుడు తాగి మానేసిన 53 వేల మందికి పైగా జరిగిన పెద్ద పరిశీలన ఫలితాలు 2011లో వచ్చాయి. ఎక్స్-రే తీయించుకున్నవారి కంటే తక్కువ డోసు సీటీ తీయించుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. ఆ మాట చెబితే బ్రోచరు మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

కొనేవాళ్లకు ఒక మాట. ముందు మీ రిపోర్టు మీరు రాసుకుని, తర్వాతే పెట్టెలు తెరవండి. ముందే తెరిస్తే కన్ను ఆ పెట్టె చుట్టూనే తిరుగుతుంది. ఎంత చిన్న అనుమానానికి పెట్టె గీయాలో నిర్ణయించే సున్నితత్వం మీట మాకు వచ్చినప్పుడు చివరి వరకు తిప్పి ఉంది. మధ్యకు తెచ్చాకే ప్రాణం కుదుటపడింది.

వచ్చే నెల సాఫ్ట్‌వేర్ చందా కట్టాలి. పాత ఫిల్ములతో పోల్చే సదుపాయం వచ్చే వెర్షన్‌లో ఉంటుందని ఇప్పటికి మూడుసార్లు చెప్పారు. నాలుగోసారి అడిగి, కడతాను.