మొత్తం ఒకేసారా, మూడో వంతు చొప్పునా? ఇంగ్లండ్ బరో ఎన్నికల్లో ఏది మేలు

ఎలిజబెత్ లైన్ రైలు పడమట రెడింగ్‌లో బయలుదేరి, స్లౌ దాటి, లండన్ నగరం కింద సొరంగంలో దూరి, తూర్పున న్యూహామ్ బరోలోని కస్టమ్ హౌస్ దగ్గర పైకి తేలుతుంది. మూడు చోట్లా మనవాళ్లు ఉన్నారు. మూడు చోట్లా చెత్త ఎత్తించేది, ఇంటి ముందు కారు నిలపడానికి పర్మిట్ ఇచ్చేది, నెలనెలా కౌన్సిల్ పన్ను వసూలు చేసేది బరో కౌన్సిలే, అంటే మన మున్సిపాలిటీ లాంటిది. కానీ ఆ కౌన్సిల్‌ను ఎన్నుకునే తీరు మాత్రం ఒక్కో స్టేషన్‌కు ఒక్కోలా ఉంటుంది. ఫలితాల పట్టిక చూసి, ‘అరవైకి అరవై ఒకే పార్టీకి ఎలా వచ్చాయి’ అనో, ‘ఇంత వ్యతిరేకత ఉన్నా అధికారం ఎందుకు మారలేదు’ అనో ఆశ్చర్యపోయేవాళ్లకు జవాబు చాలావరకు ఈ తేడాలోనే దొరుకుతుంది.

రెడింగ్‌లో వార్డుకు ముగ్గురు కౌన్సిలర్లు, పదహారు వార్డులు, మొత్తం 48 మంది. ఏటా మే నెలలో వార్డుకు ఒకరి పదవీకాలం ముగుస్తుంది, ఆ ఒక్క స్థానానికే ఎన్నిక. అలా మూడేళ్లు జరిగాక నాలుగో ఏడు విరామం. మన రాజ్యసభలో రెండేళ్లకోసారి మూడో వంతు సభ్యులు దిగిపోవడం గుర్తుచేసుకుంటే చాలు, పద్ధతి అదే. కాకపోతే ఇక్కడ ఓటు వేసేది ఎమ్మెల్యేలు కాదు, వీధిలోని జనం.

న్యూహామ్‌లో అలా కాదు. లండన్‌లోని 32 బరోలన్నింటిలోనూ నాలుగేళ్లకోసారి, ఒకే రోజున, అన్ని స్థానాలకూ ఎన్నిక. ముగ్గురు కౌన్సిలర్లున్న వార్డులో ఓటరుకు మూడు ఓట్లు.

ఇక స్లౌ. 2022 దాకా రెడింగ్ దారిలో నడిచి, 2023 నుంచి న్యూహామ్ దారిలోకి మారింది. రెండు పద్ధతులనూ ఒకే ఊరు చవిచూసింది కాబట్టి ముందు దాని కథే చెప్పాలి.

2021 జులై 2న స్లౌ కౌన్సిల్ సెక్షన్ 114 నోటీసు ఇచ్చింది. ఖజానాలో ఉన్నదానితో ఈ ఏడాది ఖర్చులు తీరవు, చట్టప్రకారం తప్పనిసరిగా చేయాల్సినవి తప్ప కొత్త ఖర్చు పెట్టేది లేదు అని కౌన్సిల్ ఆర్థికాధికారి చేసే ప్రకటన అది. జనం భాషలో దివాలా. అప్పు 76 కోట్ల పౌండ్లని తేలింది. కేంద్ర ప్రభుత్వం కమిషనర్లను దింపింది. ఇంటిని చక్కదిద్దడానికి వచ్చిన సలహాల్లో ఒకటి లెక్కల పుస్తకాలకు సంబంధించింది కాదు, ఎన్నికలకు సంబంధించింది: మూడో వంతు పద్ధతి మానండి, అందరినీ ఒకేసారి ఎన్నుకోండి.

ఈ సలహా స్లౌతో మొదలు కాలేదు. బర్మింగ్‌హామ్ పరిపాలన మీద 2014 చివర్లో వచ్చిన కెర్‌స్లేక్ నివేదిక కూడా ఇదే చెప్పింది. పిల్లల మీద ఏళ్ల తరబడి జరిగిన లైంగిక దోపిడీని పట్టించుకోలేదని తేలిన రోథర్‌హామ్ బరో 2016లో ఈ దారికి మారింది, లివర్‌పూల్ 2023లో. అంతకు చాలా ముందే, 2004లో, ఎలక్టోరల్ కమిషన్ ఇంగ్లండ్ అంతటా నాలుగేళ్లకోసారి పూర్తి ఎన్నిక ఉంటే మంచిదని సిఫారసు చేసింది. ఇంతమంది ఒకే మాట ఎందుకు అంటున్నారు?

వాళ్ల వాదన సూటిగానే ఉంటుంది. ఏటా ఎన్నికైతే ఏటా భయమే. పన్ను పెంచాలన్నా, నడవని గ్రంథాలయాన్ని మూయాలన్నా, పాత కాంట్రాక్టును రద్దు చేయాలన్నా, ‘మే వెళ్లనివ్వండి’ అంటారు. ఆ మే వెళ్లేసరికి వచ్చే మే ఎదురుగా నిలబడుతుంది. మనకు కోడ్ అమల్లో ఉందని దస్త్రాలు ఆగిపోవడం తెలిసిందే కదా, అక్కడ దాదాపు అదే ఏటేటా.

దీనికంటే బలమైన కారణం ఇంకొకటుంది, దాన్ని నివేదికలకంటే ఓటరే బాగా చెప్పగలడు. 42 మంది ఉన్న సభలో ఒక పార్టీకి ముప్పై మందికి పైగా ఉన్నారనుకోండి. ఈ ఏడు ఎన్నిక పద్నాలుగు స్థానాలకే. ఊరంతా విసిగిపోయి ఆ పార్టీని సగం చోట్ల ఓడించినా మర్నాడు కుర్చీలో కూర్చునేది ఆ పార్టీయే. కోపం వాయిదాల్లో చెల్లించాలి. ఎంత వేడి కోపమైనా మూడో వాయిదాకు చల్లారుతుంది.

స్లౌలో దివాలా తరువాత సరిగ్గా ఇదే కనిపించింది. 2022 మేలో మూడో వంతు స్థానాలకు ఎన్నిక జరిగింది, 2008 నుంచి పాలిస్తున్న లేబర్ అధికారం చెక్కు చెదరలేదు. మరుసటి ఏడు, 2023 మేలో, 42 స్థానాలకూ ఒకేసారి ఎన్నిక పెట్టారు. కన్జర్వేటివ్‌లకు 21, లేబర్‌కు 18, లిబరల్ డెమొక్రాట్‌లకు 3. ఆధిక్యానికి ఒక్క స్థానం తక్కువైనా లిబరల్ డెమొక్రాట్‌ల మద్దతుతో కన్జర్వేటివ్‌లు పగ్గాలు పట్టారు. ఆ రాత్రి దేశమంతటా కన్జర్వేటివ్‌లు వెయ్యికి పైగా కౌన్సిలర్లను పోగొట్టుకుంటున్నారని గుర్తుంచుకుంటే ఈ ఫలితం ఎంత ఏటికి ఎదురీతో అర్థమవుతుంది. స్లౌ ఓటరు అక్కడి ప్రధానమంత్రి గురించి కాదు, తన ఊరి లెక్కల గురించి మాట్లాడాడు. ఆ ఏడే కౌన్సిల్ పన్ను దాదాపు పది శాతం పెరగడం కూడా ఆ మాటకు పదును పెట్టి ఉండవచ్చు.

ఇక్కడితో ఆపేస్తే తీర్పు తేలికే. కానీ రైలు ఇంకా న్యూహామ్ చేరలేదు.

న్యూహామ్‌లో 2010లో అరవై స్థానాలకు అరవై లేబర్‌వి. 2014లోనూ అరవై. 2018లోనూ అరవై. సభలో ఎదురు ప్రశ్న వేయడానికి మరో పార్టీ మనిషి ఒక్కడూ లేడు. మన రాష్ట్రాల్లో ఏకగ్రీవమైన పంచాయతీకి ప్రభుత్వం ప్రోత్సాహకంగా డబ్బు ఇవ్వడం ఎరిగినవాళ్లం కాబట్టి ఇది మనకు వింతగా తోచకపోవచ్చు. కానీ న్యూహామ్‌లో జరిగింది ఏకగ్రీవం కాదు. ప్రతి వార్డులోనూ ప్రత్యర్థులు నిలబడ్డారు, వేలమంది వాళ్లకు ఓట్లు వేశారు. ఆ ఓట్లలో ఒక్కటీ కుర్చీగా మారలేదు, అంతే.

ఎలా మారకుండా పోతాయో లెక్కింపు బల్ల దగ్గర నిలబడితే తెలుస్తుంది. పెట్టెలు బోర్లించి ముందు పత్రాల సంఖ్య సరిచూస్తారు. తరువాత వేరు చేస్తారు: మూడు ఓట్లూ ఒకే పార్టీ ముగ్గురికీ వేసిన పత్రాలు ఒక కుప్ప. వాటిని కట్టలు కట్టి మూడింటికీ ఒకేసారి లెక్క రాసేస్తారు. చిక్కంతా ఒకటి ఇటు, రెండు అటు వేసిన పత్రాలతోనే. వాటిని పెద్ద కాగితం మీద వరసగా అమర్చి, అభ్యర్థి పేరు కింద ఒక్కో గీత పెట్టి, అడ్డంగా, నిలువుగా కూడతారు. లెక్కింపు సిబ్బంది ఆ కాగితాన్ని ‘గ్రాస్ స్కర్ట్’ అంటారు, అంటే గడ్డి పావడా. తెల్లవారుజామున కళ్లు మూతలు పడుతుంటే గీత ఒకటి అటో ఇటో పడిందని మళ్లీ మొదటినుంచి కూడటం ఏ పత్రికలోనూ రాదు. ఇక ఆ మొదటి కుప్ప, ఒకే పార్టీకి గుత్తగా వేసిన కుప్ప ఉంది చూశారూ, వార్డు జాతకాన్ని చాలాచోట్ల తేల్చేది అదే. వందమందిలో నలభై అయిదు మంది ఒక పార్టీకి గుత్తగా వేసి, మిగిలిన యాభై అయిదు మంది రెండు మూడు పార్టీలకు చీలిపోతే ముగ్గురు కౌన్సిలర్లూ ఆ నలభై అయిదు మందివాళ్లే. ఒకరు కూడా మిగలరు. దీన్ని ఇరవై వార్డులతో హెచ్చవేయండి.

అప్పుడు అసలు పోటీ ఎక్కడికి పోతుంది? పార్టీ లోపలికి. న్యూహామ్‌కు 2002 నుంచి నేరుగా ఎన్నికైన మేయర్ ఉన్నారు. మొదటి మేయర్ సర్ రాబిన్ వేల్స్ పదహారేళ్లు ఏలారు. 2018లో ఆయన్ను దింపింది బరో ఓటర్లు కాదు, మేలో ఎన్నిక రాకముందే లేబర్ సభ్యులు అభ్యర్థి ఎంపికలో రుఖ్సానా ఫియాజ్‌ను గెలిపించి దింపారు. మే ఎన్నిక ఆ నిర్ణయం మీద వేసిన ముద్ర మాత్రమే. 2022లో స్థానాలు 66కు పెరిగాక, స్ట్రాట్‌ఫర్డ్ ఒలింపిక్ పార్క్ వార్డులో గ్రీన్స్ ఇద్దరు గెలిచారు. మిగిలిన 64 లేబర్‌వే. ఆ ఇద్దరి గెలుపు వార్త కావడమే అంతకుముందు పన్నెండేళ్ల పరిస్థితిని చెబుతుంది.

రెడింగ్‌లో ఇదే గ్రీన్ పార్టీ ఎలా ఎదిగిందో పక్కన పెట్టి చూడండి. విశ్వవిద్యాలయం పక్కనున్న పార్క్ వార్డులో 2010లో ఒకటి, 2011లో రెండోది, 2012లో మూడోది గెలిచి వార్డు మొత్తాన్ని చేజిక్కించుకుంది. ఆ తరువాత పక్క వార్డుల వైపు మళ్లింది. చిన్న పార్టీకి మనుషులు తక్కువ, డబ్బు తక్కువ. ఒక ఏడు ఒక వార్డులో ఒక్క అభ్యర్థి కోసం అందరూ కలిసి ఇంటింటికీ తిరగగలరు. గెలిచిన ఒక్కరూ ఏడాదిపాటు గుంతలు పూడ్పించి, ఫోన్లెత్తి పేరు తెచ్చుకుంటే రెండోవారికి దారి పడుతుంది. న్యూహామ్‌లో ఈ మెట్లు లేవు, ఒక్క గంతే.

దివాలా విషయానికి మళ్లీ వస్తాను, ఎందుకంటే సంస్కర్తలు దాటవేసే చోటు అదే. ‘ఒకేసారి ఎన్నిక పెడితే కౌన్సిల్ దీర్ఘకాలిక దృష్టితో నడుస్తుంది’ అంటారు. దక్షిణ లండన్‌లోని క్రాయిడన్ ఏనాడూ మూడో వంతు ముఖం చూడలేదు, అయినా 2020 నవంబరులో సెక్షన్ 114 నోటీసు ఇచ్చింది. బర్మింగ్‌హామేమో కెర్‌స్లేక్ నివేదిక మాట విని 2018లో పద్ధతి మార్చుకుంది, 2023 సెప్టెంబరులో దివాలా ప్రకటించింది. మరోవైపు థరక్ కౌన్సిల్ మూడో వంతు పద్ధతిలో ఉంటూనే 2022 డిసెంబరులో మునిగింది. మునిగేవాళ్లు ఏ పడవలోనైనా మునిగారు. ఎన్నికల పట్టిక కౌన్సిల్‌కు వివేకం ఇవ్వదు. తప్పు చేసినవాళ్లను ఎంత త్వరగా, ఎంత పూర్తిగా దించవచ్చన్నది మాత్రమే తేలుస్తుంది.

ఆ లెక్కన క్రాయిడన్ ఓటరు చేసింది గమనించదగ్గది. 2021లో ప్రజాభిప్రాయ సేకరణలో నేరుగా ఎన్నుకునే మేయర్ కావాలన్నాడు. 2022లో కన్జర్వేటివ్ అభ్యర్థి జేసన్ పెరీని ఆరువందల లోపు ఆధిక్యంతో మేయర్‌ను చేసి, కౌన్సిల్‌లో మాత్రం లేబర్‌కు 34, కన్జర్వేటివ్‌లకు 33, గ్రీన్స్‌కు 2, లిబరల్ డెమొక్రాట్‌లకు 1 ఇచ్చి ఎవరికీ ఆధిక్యం లేకుండా చేశాడు. ఒకే రోజున, ఒకే చేత్తో. కసితో వేసినా లెక్క తప్పలేదు.

మరి ఏది మేలు? ఒకే పార్టీ దశాబ్దాలుగా పాతుకుపోయిన బరోలో, వార్డుకు ముగ్గురు చొప్పున ఉంటే, మూడో వంతు పద్ధతే మేలని నా అభిప్రాయం. అక్కడ పూర్తి ఎన్నిక అంటే నాలుగేళ్లకోసారి తలుపుకు తాళం వేసుకోవడమే. ఏటా ఒక కిటికీ అయినా తెరుచుకోవాలి. రెండు మూడు పార్టీలు పోటాపోటీగా ఉన్న చోట, లేదా కౌన్సిల్ నిజంగా కుప్పకూలిన చోట, ఒకేసారి పెట్టడమే న్యాయం. అప్పుడైనా వార్డులు చిన్నవిగా ఉండాలి. స్లౌ ఈ పని సరిగ్గా చేసింది: పద్ధతి మారుస్తూనే హద్దులు తిరగగీసి 21 వార్డులకు ఇద్దరేసి చొప్పున ఏర్పాటు చేసుకుంది. స్కాట్లండ్‌లోలాగా ప్రాధాన్య క్రమంలో అంకెలు వేసే పద్ధతి వస్తే ఈ గొడవలో సగం సమసిపోతుంది. అక్కడ 2007 నుంచి అదే నడుస్తోంది. ఇంగ్లండ్ బరోలకు ఆ మోజు ఇంకా పట్టలేదు.

ఎవరికి మేలు అని అడిగితే మాత్రం నా తీర్పుకు ఒక చిల్లు ఉంది, అది మనవాళ్ల దగ్గరే బయటపడుతుంది. అక్కడ నివసించే అనుమతి ఉన్న భారతీయులు కామన్వెల్త్ పౌరులుగా ఈ ఎన్నికల్లో ఓటు వేయవచ్చు, విద్యార్థి వీసా మీద ఉన్నా సరే. పేరు నమోదు చేసుకుంటే చాలు. 2023 నుంచి పోలింగ్ కేంద్రంలో ఫొటో గుర్తింపు అడుగుతున్నారు, భారత పాస్‌పోర్టు చూపితే ఒప్పుకుంటారు. ఈ సంగతి తెలియక పాస్‌పోర్టును పెట్టె అడుగున పెట్టి ఉంచేవాళ్లే ఎక్కువ. 2023 సెప్టెంబరులో వచ్చి స్లౌలో గది తీసుకుని, ఏడాది మాస్టర్స్, ఆపైన రెండేళ్ల గ్రాడ్యుయేట్ వీసా ముగించుకునే కుర్రవాడికి, ఉప ఎన్నిక ఏదైనా వస్తే తప్ప, వార్డు కౌన్సిలర్‌ను ఎన్నుకునే అవకాశమే రాదు. స్లౌలో తరువాతి ఎన్నిక 2027 మేలో. అతనితో పాటే విమానం దిగి, అదే రైల్లో అరగంట దూరాన రెడింగ్‌లో గది తీసుకున్న స్నేహితుడికి రెండుసార్లు వస్తుంది: 2024లో ఒకసారి, 2026లో మరోసారి.