ఫీలర్ గేజ్‌తో ఇంట్లోనే టాపెట్ సెట్టింగ్, నాలుగేళ్ల తర్వాత నా మాట

నాది హోండా యూనికార్న్ 150 బైక్. రోజూ విజయనగరం నుంచి చీపురుపల్లి ఉద్యోగానికి వెళ్లి రావాలి, రానూపోనూ దగ్గర దగ్గర 60 కిలోమీటర్లు. 2021 జనవరిలో 180 రూపాయలు పెట్టి ఫీలర్ గేజ్ (సన్నటి గ్యాప్‌లు కొలిచే పలచటి రేకుల సెట్) కొన్నాను, అప్పటి నుంచి ఇప్పటికి పది సార్లు టాపెట్లు నేనే చూసుకున్నాను. టాపెట్లంటే ఇంజన్ వాల్వ్‌లని నొక్కే స్క్రూలు, వాటికీ వాల్వ్‌లకీ మధ్య సన్నటి గ్యాప్ ఉండాలి, ఆ గ్యాప్ సరిచేయడమే టాపెట్ సెట్టింగ్.

ఎందుకు కొన్నానంటే, అంతకు ముందు కార్తీకమాసంలో బండి సర్వీసింగ్‌కి ఇస్తే మెకానిక్ "ఏటి బాబూ, టాపెట్లు ఇంతలా కొట్టుకుంటన్నాయి, బిగించేత్తాను" అని, ఇంజన్ వేడిగా ఉండగానే, గేజ్ పెట్టకుండా చెవితో విని బిగించేశాడు. సౌండ్ పూర్తిగా పోయింది, నేనూ సంతోషంగా ఇంటికి తెచ్చుకున్నాను. పదిహేను రోజులు తిరిగేసరికి పొద్దున్నే పదేసి కిక్కులు కొడితే గానీ స్టార్ట్ అయ్యేది కాదు, దారిలో నెల్లిమర్ల దాటి ఇంజన్ వేడెక్కాక ఎక్కడ స్లో చేసినా ఆగిపోయేది. ప్లగ్ మార్చాను, కార్బురేటర్ కడిగించాను, ఏం లాభం లేదు. చివరికి శ్రీకాకుళంలో లేత్ పని చేసే మా బావకి ఫోన్ చేస్తే, "సౌండ్ పోయిందంటే గ్యాప్ కూడా పోయినట్టే బావా, ముందు గేజ్ పెట్టి చూడు" అన్నాడు. చూస్తే ఎగ్జాస్ట్ (పొగ బయటికి పోయే వాల్వ్) వైపు 0.05 మిల్లీమీటర్ల రేకు కూడా దూరలేదు. ఉండాల్సింది 0.12.

టాపెట్ లూజుగా ఉంటే టకటకమని మనకి చెప్తుంది, టైటుగా ఉంటే అసలేమీ చెప్పదు. ఇంజన్ వేడెక్కితే వాల్వ్ కాడ సాగుతుంది, ఆ సాగడానికి చోటు లేకపోతే వాల్వ్ తన సీటు మీద పూర్తిగా కూర్చోదు, సిలిండర్‌లోని ఒత్తిడి, అంటే కంప్రెషన్, కారిపోతుంది. పైగా వాల్వ్ తన వేడిని సీటుకి వదిలేది మూసుకుని ఉన్న ఆ కాసేపట్లోనే, అది కుదరకపోతే ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు కాలిపోతుంది. అప్పుడు ఇంజన్ హెడ్ దించాల్సిందే. అందుకే సౌండ్ లేకుండా బిగించి ఇచ్చే మెకానిక్‌ని మెచ్చుకోకండి.

పని చేసే పద్ధతి కష్టమేమీ కాదు. బండి రాత్రంతా చల్లారాలి, నేను ఆదివారం పొద్దున్నే టీ తాగకముందే మొదలుపెడతాను. ట్యాంక్ తీసేస్తే చెయ్యి బాగా ఆడుతుంది. ప్లగ్ ఊడదీసి, ఇంజన్ ఎడమ వైపు కవర్ మీదున్న రెండు మూతలు తీసి, క్రాంక్‌ని గడియారానికి ఎదురు దిశలో తిప్పుతూ T గుర్తు (పిస్టన్ పైకొసకి వచ్చిందని చెప్పేది) గీతకి ఎదురుగా రాగానే ఆపాలి. అప్పుడు రెండు రాకర్లూ (టాపెట్ స్క్రూలు ఉండే చేతులు) వేలితో కదిపితే కాస్త ఆడాలి. ఆడకపోతే అది కంప్రెషన్ స్ట్రోక్ (రెండు వాల్వ్‌లూ మూసుకుని ఉండే దశ) కాదు, ఇంకో పూర్తి చుట్టు తిప్పాలి. మొదటిసారి నేను ఇక్కడే పొరపాటు పడి గంట పోగొట్టుకున్నాను. కార్బురేటర్ వైపుది ఇన్లెట్ (పెట్రోల్, గాలి లోపలికి వచ్చే వాల్వ్), 0.08. సైలెన్సర్ వైపుది ఎగ్జాస్ట్, 0.12.

అసలు ఓపిక కావాల్సింది లాక్ నట్ (టాపెట్ స్క్రూని కదలకుండా పట్టి ఉంచే నట్) దగ్గర. రేకు మధ్యలో పెట్టి, లాగితే నూనె కాగితం లాగినట్టు సన్నగా పట్టి వచ్చేలా స్క్రూ సరిచేస్తాం కదా, తీరా నట్ బిగించేసరికి దాంతోపాటు స్క్రూ కూడా వెంట్రుకవాసి తిరిగిపోతుంది, అంతే, రేకు ఇరుక్కుపోతుంది. కాబట్టి స్క్రూని కదలకుండా పట్టుకుని నట్ బిగించాలి, బిగించాక మళ్లీ రేకు పెట్టి చూడాలి, ఆ తర్వాత క్రాంక్ రెండు చుట్లు తిప్పి ఇంకోసారి చూడాలి. నాకు ఇప్పటికీ ఒక్కో టాపెట్‌కి రెండు మూడు సార్లు పడుతుంది.

గేజ్ కొనేటప్పుడు రేకుల మీద అంకెలు చదివి కొనండి. 0.05, 0.10, 0.15 అని వరసగా పెరిగే సెట్లు మామూలుగా దొరుకుతాయి, వాటిలో 0.08 ఉండదు, అవి ఈ బండికి పనికిరావు. నా దాంట్లో 0.08 ఉంది గానీ 0.12 లేదు, 0.05, 0.07 రెండూ కలిపి పెడతాను, బాగానే పనిచేస్తోంది. పలచటి రేకులు చాలా సున్నితం, 0.05 రేకు రెండో ఏడాదే మడత పడితే ఇంకో సెట్‌లోంచి తీసి వేసుకున్నాను. మన వైపు గాలిలో తేమకి తుప్పు కూడా తొందరగా పడుతుంది, పని అయ్యాక ఇంజన్ ఆయిల్ రాసి గుడ్డలో చుట్టి పెట్టాలి. ఈసారి కొంటే కొసలు వంగి ఉన్న రకమే కొంటాను, తిన్నటి రేకు ఎగ్జాస్ట్ వైపు సరిగా దూరదు.

అన్ని బళ్లకీ ఇది వర్తించదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 పాత మోడల్ (యూసీఈ) ఇంజన్‌లో హైడ్రాలిక్ టాపెట్లు, అవి ఆయిల్ ఒత్తిడితో గ్యాప్ తమంతట తామే సరిచేసుకుంటాయి, వాటిని ముట్టుకునే పనే లేదు. కేటీఎం 390 డ్యూక్ లాంటి వాటిలో షిమ్‌లు (గ్యాప్ సరిచేసే చిన్న బిళ్లలు) మార్చాలి, అది ఇంట్లో పెట్టుకునే పని కాదు.

నేను ఆరు వేల కిలోమీటర్లకోసారి చూస్తున్నాను. మొన్న ఆదివారం చూస్తే ఇన్లెట్ 0.08 దగ్గరే ఉంది, ఎగ్జాస్ట్ 0.10కి దిగింది. మళ్లీ 0.12కి పెట్టాను. సోమవారం పొద్దున్న ఒక్క కిక్కుకే అందుకుంది, టాపెట్ల సౌండ్ మాత్రం సన్నగా వినిపిస్తూనే ఉంది.