75 గాలన్ల రీఫ్ ట్యాంకు మీద హైబ్రిడ్ లైటు: ఎనిమిది నెలల వాడకం, రెండుసార్లు వేలాడదీసిన అనుభవం

ముందే చెప్పేస్తాను: రీఫ్ ట్యాంకు మీద, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం మీద, వేలాడదీసే ఈ అక్వాటిక్ లైఫ్ హైబ్రిడ్ లైటు కొనొచ్చు. నాకు బాగా నచ్చింది, ఎనిమిది నెలలుగా రోజూ వెలుగుతోంది. కానీ ఇలాంటి లైట్ల మీద రాసేవాళ్ళందరూ రంగు గురించీ, పగడాల మెరుపు గురించీ పేజీలు రాసి, దాన్ని పైనుంచి ఎలా వేలాడదీశారో మాత్రం ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నన్నడిగితే డబ్బు లైటుకి పెట్టినా, బుర్ర మాత్రం సీలింగుకి పెట్టాలి. అందుకే ఆ భాగం కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

మేము ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. హాల్లో 75 గాలన్ల ట్యాంకు ఉంది, నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 21 అంగుళాల ఎత్తు. ఐదో ఏడు నడుస్తోంది. మొదటి నుంచీ ఆక్వా ఇల్యూమినేషన్ (ఏఐ) కంపెనీ వాళ్ళ రెండు హైడ్రా 32 ఎల్‌ఈడీ లైట్లతోనే నడిపాను, మెత్తటి పగడాలకీ హ్యామర్ అనే పగడం లాంటివాటికీ అవి చక్కగా సరిపోయాయి. అక్రోపోరా అనే కొమ్మల రాతి పగడం పెట్టడం మొదలుపెట్టాకే తేడా తెలిసింది. పైనుంచి చూస్తే కొమ్మల చివర్లు మంచి నీలం, కిందకి వంగి పక్కనుంచి చూస్తే అడుగు కొమ్మలు సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉండేవి. ఎల్‌ఈడీ వెలుగు చిన్న జాగా నుంచి వస్తుంది కాబట్టి పై కొమ్మ నీడ కింది కొమ్మ మీద పడుతుంది, పగలంతా ఆ నీడ అక్కడే ఉంటుంది. పగడం ఒంట్లో ఉండే నాచుకి వెలుగు అందకపోతే ఆ భాగం నీరసిస్తుంది. ఎల్‌ఈడీ పవర్ పెంచితే పై కొమ్మలు మాడతాయి తప్ప కింద నీడ పోదు. ఇది తెలుసుకోవడానికి నాకు ఒక మంచి పగడపు గుత్తి ఖర్చయింది, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

హైబ్రిడ్ అంటే ఒకే ఫిక్చర్‌లో, అంటే ఒకే లైటు చట్రంలో, టీ5 అనే సన్నటి పొడవాటి ఫ్లోరసెంట్ ట్యూబులూ ఎల్‌ఈడీలూ రెండూ ఉండటం. నేను తీసుకున్నది అక్వాటిక్ లైఫ్ వాళ్ళ 48 అంగుళాల నాలుగు ట్యూబుల మోడల్. మధ్యలో ఎల్‌ఈడీలకి చోటు, అటు రెండు ఇటు రెండు 54 వాట్ల ట్యూబులు. ఉన్న హైడ్రాలనే మధ్యలో బిగించుకోవచ్చు, కొత్తవి కొననక్కర్లేదు, నేను దీన్ని ఎంచుకోవడానికి సగం కారణం అదే. ట్యూబులు ఏటీఐ కంపెనీవి వేశాను, మూడు బ్లూ ప్లస్ రకం, ఒకటి కోరల్ ప్లస్ రకం. ట్యూబు బిగించేటప్పుడు తొందరపడొద్దు. రెండు చివర్లా పిన్నులు గాడిలోకి దిగాక, రెండు చేతులతో రెండు కొసలూ ఒకేసారి పావు చుట్టు తిప్పితే వేళ్ళకి టక్కుమని తెలుస్తుంది. ఒక కొసే తిప్పితే గాజు మెలిపడుతుంది. వేలిముద్రలు పడితే పొడిబట్టతో తుడిచేయండి.

ఇక వేలాడదీయడం. ఫిక్చరూ, రెండు హైడ్రాలూ, ట్యూబులూ, వైర్లూ కలిపి బాత్రూం తూకం మీద పెడితే 24 పౌండ్లు వచ్చింది, మన లెక్కలో పదకొండు కిలోలు. పెద్ద బరువేం కాదు అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది. ఆప్‌లో ఒక హ్యాండీమ్యాన్‌ని బుక్ చేశాను, పేరు అనవసరం. అతను వచ్చి, సీలింగు మీద చెయ్యి పెట్టి తట్టి, జిప్సం బోర్డులోకి రెండు ప్లాస్టిక్ యాంకర్లు దిగ్గొట్టి, హుక్కులు బిగించి, ముప్పావు గంటలో వెళ్ళిపోయాడు. చెక్క దూలానికే బిగించాలి కదా అని అడిగితే ఈ యాంకర్ యాభై పౌండ్లు మోస్తుందని డబ్బా మీద రాసుంది చూడండి అన్నాడు. నేను నమ్మాను. ఆ అంకె గోడకి బిగించినప్పటిదట. గోడలో బరువు కిందకి జారుతుంది, సీలింగులో బరువు రాత్రీ పగలూ యాంకర్‌ని బయటికి లాగుతూనే ఉంటుంది. అక్కడ అరంగుళం మందం జిప్సం తప్ప దానికి పట్టు లేదు.

పదకొండో రోజు రాత్రి చేపలకి తిండి వేయడానికి వెళ్తే ఫిక్చర్ ఎడమవైపు వేలెడంత కిందకి దిగి ఉంది. పైకి చూస్తే హుక్కు చుట్టూ రూపాయి బిళ్ళంత మేర తెల్లటి పిండి రాలి, బోర్డు కాగితం ఉబ్బి ఉంది. కింద ఉప్పునీళ్ళు, పైన 216 వాట్ల ట్యూబులు. ముందు స్విచ్చి తీసి, ప్లగ్గు పీకి, మా ఆవిడని పిలిచి ఇద్దరం కలిసి దించి నేలమీద పెట్టాం. ఆ రాత్రి నిద్రపట్టలేదు. పిల్లలు ట్యాంకుకి ముక్కు ఆనించి నిలబడే చోటు అది.

అప్పుడు మా మావయ్యగారు భీమవరం నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. ముప్పై ఏళ్ళు రొయ్యల చెరువులు చేసిన మనిషి, ఉప్పదనం, ఆల్కలినిటీ అంటే నాకన్నా ఆయనకే బాగా తెలుసు. పొద్దున్నే హుక్కు చూసి, "అల్లుడుగారూ, దూలం ఎక్కడుందో చూడకుండా పైన ఏదీ తగిలించకూడదండీ, ఈసారి మనమే చేద్దాం" అన్నారు. ఆ హ్యాండీమ్యాన్‌ని మళ్ళీ పిలవలేదు.

మా ఇంట్లో అటిక్‌లో, అంటే సీలింగుకీ పైకప్పుకీ మధ్య ఉండే జాగాలో, దూలాలు 24 అంగుళాలకి ఒకటి చొప్పున, ట్యాంకు ఉన్న గోడకి సమాంతరంగా వెళ్తున్నాయి. బోర్డు వెనక చెక్క ఎక్కడుందో చూపే స్టడ్ ఫైండర్ పెట్టి చూస్తే దగ్గర దూలం గోడకి 17 అంగుళాల దూరంలో ఉంది, నాకు లైటు మధ్యగీత కావాల్సింది 11 అంగుళాల దగ్గర. అంటే హుక్కు దూలంలోకి దిగే అవకాశమే లేదు. చాలామంది ఇక్కడే చిక్కుకుని యాంకర్లకి వెళ్ళిపోతారు. దారి ఏంటంటే, అటిక్‌లోకి ఎక్కి రెండు దూలాల మధ్య అడ్డంగా ఒక చెక్క దిమ్మ బిగించి, హుక్కు కింద నుంచి ఆ దిమ్మలోకి ఎక్కించాలి. మేం రెండు హుక్కులకి రెండు దిమ్మలు పెట్టాం, రెండు బై నాలుగు చెక్క, ఒక్కో కొసకి మూడంగుళాల స్క్రూలు మూడు.

పైకి ఎక్కాక ఆ దూదిలాంటి ఇన్సులేషన్‌లో కింద గదిలోని చోటు ఎక్కడో కనుక్కోవడం కష్టం. మావయ్యగారు కింద నుంచి హుక్కు రావాల్సిన చోట సన్నటి కన్నం వేసి, బట్టల హ్యాంగర్ తీగ ముక్క పైకి దూర్చారు. నేను టార్చి వేసుకుని వెతికితే దూదిలోంచి అడుగు ఎత్తున తీగ నిలబడి కనిపించింది. ఇంక కొలతల గొడవ లేదు. జూన్ నెల కాబట్టి పొద్దున ఆరింటికే ఎక్కాం, టెక్సస్ ఎండలో తొమ్మిది దాటితే అటిక్‌లో నిలబడలేరు. మాస్కు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి, ఆ దూది ఒంటికి తగిలితే రెండు రోజులు దురద.

హుక్కులు స్టెయిన్‌లెస్ స్టీలువే తీసుకోండి. సన్నటి ఉప్పు తుంపర పైదాకా వస్తుంది, మామూలు ఇనుము ఏడాదిలోపే తుప్పు పట్టి, ఆ తుప్పు రాలితే ట్యాంకులోకే. బిగించేముందు సన్నటి కన్నం వేసుకోకపోతే దిమ్మ చీలుతుంది. అన్నీ అయ్యాక మావయ్యగారు లైటు పెట్టనివ్వలేదు. రీఫ్ ఉప్పు నిండు బకెట్, 50 పౌండ్ల దాకా ఉంటుంది, దాన్ని ఒక్కో హుక్కుకి ఒక్కో రాత్రి వేలాడదీయించారు, కింద ట్యాంకు మీద మందపాటి ప్లైవుడ్ పరిచి. రెండు రాత్రులు గడిచాక సీలింగు మీద వెంట్రుకంత గీత కూడా లేదు, అప్పుడే లైటు ఎక్కించాం.

లెవెల్ కూడా ఆయనే చూశారు. నా దగ్గరున్న రసమట్టం అడుగు పొడవుది, నాలుగడుగుల ఫిక్చర్ మీద అది సరిగ్గా చెప్పదు. నేను నీళ్ళు మార్చడానికి వాడే పారదర్శకం పైపు తీసుకుని, అందులో నీళ్ళు నింపి, మేస్త్రీలు పునాదికి లెవెల్ చూసినట్టే రెండు కొసలూ ఫిక్చర్ రెండు చివర్లా పట్టి చూశాం. ఒకవైపు పావంగుళం ఎక్కువుంది. ఫిక్చర్‌ని హుక్కులకి తగిలించే కేబుళ్ళకి ఉన్న పట్టు మొన నొక్కితే తీగ జారుతుంది, వదిలితే బిగుసుకుంటుంది, రెండు నిమిషాల్లో సరిచేశాం. ఇంత పట్టింపు ఎందుకంటే కిందనే నీటి అంచు గీత గీసినట్టు ఉంటుంది, లైటు కాస్త వంకరగా ఉన్నా హాల్లోకి అడుగుపెట్టగానే కళ్ళకి అదే కొడుతుంది.

ఎత్తు విషయానికొస్తే, నేను నీటికి తొమ్మిది అంగుళాల పైన పెట్టాను. ఇంకా దించితే వెలుగు పెరుగుతుంది, కానీ చెయ్యి పెట్టి పని చేయడం కుదరదు, ఉప్పు చినుకులు ట్యూబుల కింద ఉన్న పలకకి అంటుకుంటాయి. ఒక స్నేహితుడి దగ్గర అపోజీ ఎంక్యూ-510 మీటర్ అరువు తెచ్చి పార్ కొలిచాను. పార్ అంటే 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉండే, నాచు తిండి తయారుచేసుకోవడానికి పనికొచ్చే వెలుగు. ఎల్‌ఈడీలు మాత్రమే ఉన్నప్పుడు సగం లోతులో సరిగ్గా లైటు కింద 340, ట్యాంకు మూలల్లో 60. ఇప్పుడు ఎల్‌ఈడీలు సగానికి తగ్గించి ట్యూబులన్నీ వేస్తే మధ్యలో 280, మూలల్లో 140 దాకా. మధ్యలో తగ్గి అంచుల్లో పెరగడమే నేను కోరుకున్నది. అక్రోపోరాలకి సాధారణంగా 200 నుంచి 350 దాకా చాలు, ఇప్పుడు వాటిని రాయి మీద ఎక్కడ పెట్టాలన్నా జాగా ఉంది.

అయితే మొదటి రోజే ఈ అంకెలకి వెళ్ళకండి. నేను ట్యూబుల్ని రోజుకి రెండు గంటలతో మొదలుపెట్టి, వారానికి గంట చొప్పున ఆరు గంటలకి తెచ్చాను. ఇప్పుడు ట్యూబులు పదకొండు నుంచి ఐదింటిదాకా, ఎల్‌ఈడీలు తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిదిదాకా. కొత్త లైటు కింద హ్యామర్ రెండు వారాలు ముడుచుకుని టెన్షన్ పెట్టింది, దాన్ని ఇసుక మీదకి దించాక తేరుకుంది.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. ఈ ట్యూబుల వెలుగు తగ్గించుకునే వీలు లేదు, వెలిగితే పూర్తిగా, లేకపోతే లేదు. వేడి ఉంటుంది, మా నీళ్ళు రెండు డిగ్రీల ఫారెన్‌హీట్ పెరిగాయి, సంప్ (ట్యాంకు కింద ఉండే నీళ్ళ తొట్టి) మీద ఫ్యాను పెడితే దిగాయి కానీ నీళ్ళు ఆవిరవడం ఎక్కువైంది. ట్యూబులు ఏడాదిలోపు మార్చుకోవాలి, పైకి బాగానే వెలుగుతున్నట్టు కనిపించినా పార్ పడిపోతుంది. ఒక్కోటి 25, 30 డాలర్ల మధ్య పడింది. నాలుగూ ఒకేసారి మార్చకండి, వారానికి ఒకటి చొప్పున మారిస్తే పగడాలకి షాక్ ఉండదు. పాతవాటిలో పాదరసం ఉంటుంది కాబట్టి ఇంటి చెత్తలో వేయకూడదు, ఊళ్ళో ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి. కరెంటు మరీ భయపడాల్సినంత లేదు, ట్యూబులు రోజుకి ఆరు గంటలు అంటే ఒక యూనిట్టు పైన కొంచెం, నెలకి 40 యూనిట్ల దగ్గర.

వైర్ల గురించి ఒక్క మాట. ప్రతి తీగా ప్లగ్గుకి వెళ్ళేముందు ప్లగ్గు కన్నా కిందకి వేలాడి మళ్ళీ పైకి ఎక్కాలి, తీగ వెంట జారిన నీటి చుక్క ఆ వంపులోనే రాలిపోతుంది. ప్లగ్గు పాయింట్ జీఎఫ్‌సీఐది అయి ఉండాలి, నీళ్ళలోకి కరెంటు లీకైతే అది వెంటనే ఆపేస్తుంది. ఈ రెండూ లేకుండా ఏ లైటూ ట్యాంకు మీద పెట్టొద్దు, దయచేసి.

హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు ఫోటోలు చూసి తనూ ఇలాంటి ట్యాంకు పెడతానన్నాడు. ఇండియాలో రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, అమ్మేవాళ్ళు ఏం చెప్పినా వాటిని కొనొద్దని చెప్పాను. చేపలతో ఉప్పునీటి ట్యాంకు పెట్టుకుంటే ఇంత లైటు అవసరమే ఉండదు.

మెత్తటి పగడాలు మాత్రమే పెంచేవాళ్ళకి కూడా ఇది అక్కర్లేదు, మంచి ఎల్‌ఈడీలు చాలు. అక్రోపోరా, మాంటిపోరా పెంచుతూ కింది కొమ్మలు పాలిపోతున్నాయని బాధపడేవాళ్ళు మాత్రం తీసుకోండి. నా దగ్గర మిగిలిన పాత అక్రోపోరా ముక్క, అంగుళమున్నర ఉండేది, ఇప్పుడు అరచేతంత అయ్యింది, కిందకి వంగి చూస్తే అడుగున కూడా ఆకుపచ్చే కనిపిస్తోంది. మావయ్యగారు భీమవరం నుంచి వీడియో కాల్ చేసినప్పుడల్లా ముందు సీలింగు వైపు ఫోన్ తిప్పమంటారు, హుక్కులు చూశాకే పగడాలు చూస్తారు.